ఆరో ఓటు

తుడిస్తే పోతలేదు లీలా. రుమాలు తడిపి ఎంత రుద్దినా నీ సిలువ మీద ఎర్ర రంగు పోతలేదు. పద్నాలుగు అని నంబరేసిన్రు. గేటు కాడ జేసీబీ ఆగి ఉంది.

పదిహేనేండ్లు దాటిన సమాధులన్నీ తవ్వి, బొక్కలు తీసి, గోడ పక్క ఒకటే గుంతల కలిపేస్తరట. కొత్తగ చచ్చేటోళ్లకు ఈ బొందలగడ్డల జాగ లేదంట. నువ్వు పోయి పదహారేండ్లాయె. పొద్దున బొందలగడ్డ కమిటీ ప్రెసిడెంట్ ప్రేమ్‌రాజ్ దగ్గరికి పోయి ఆపమని అడిగిన. "సార్, నన్ను ప్రెసిడెంట్ చేసింది మీ కమిటీయే గద," అన్నడు. మర్యాదగనే అన్నడు. నాకు గదే భయం.

ఎట్ల చేసినమో నీకు తెల్వదు. ఎప్పటిలెక్క చేతులెత్తుదాం అన్నరు అందరు. నేనే అడ్డం పడ్డ. హిస్టరీల బీయే చేసినోన్ని, నోరు ఊకుంటదా? మొన్న రోమ్‌ల కొత్త పోపును ఎన్నుకున్నప్పుడు టీవీ ముందట నుంచి లేవలే నేను. పోపు దొరికిండని గొట్టంల నుంచి తెల్ల పొగ వచ్చినాకనే అన్నం తిన్న. ఎన్కట ఒక ఊర్ల పోపును ఎన్నుకునే కార్డినళ్లు ఏండ్లకేండ్లు తేల్చకపోతే, జనం పైకప్పు పీకేసి రొట్టె, నీళ్లు తప్ప ఏం పంపలేదట, తెలుసా?

అసలు ముచ్చట చెప్పమంటవు. చెప్తున్న.

మనం గూడ రోమ్‌ల లెక్కనే చేద్దాం అన్న. తలుపుకు తాళం. ఫోన్లు బయట. రాత గుర్తుపట్టకుండ చీటీ రాయాలె. మూడింట రెండొంతులు రావాలె. లెక్క అయినంక చీటీలు కాల్చాలె. కమిటీల తొమ్మిది మందిమి, ఆరు కావాలె. మస్తుగుంది సార్ అన్నరు. చీటీలు కాల్చనీకి పక్కింటి వరమ్మ దగ్గర నుంచి కుంపటి గూడ తెచ్చిన్రు.

నిలబడ్డది ఇద్దరు. ప్రేమ్‌రాజ్ ఒకడు. ఇంకొకడు రాజన్న, హుస్సేనీ ఆలంల మన సందుల కరెంటు పని చేసేటోడు. నేనుండంగ పాత సమాధి ఒక్కటి గూడ ముట్టనియ్య అన్నడు. నేను అతని మనిషినే అనుకున్నరు అందరు. నీ మొగున్ని, నీ సమాధి ఉండె గద.

ఒక్కొక్కరం చీటీ పైకి లేపి ప్రమాణం చేసినం. నాకు తీర్పు తీర్చే క్రీస్తు సాక్షిగ, యోగ్యుడనుకున్నోనికే ఓటేస్తున్న అని. ఆ మాటలు గూడ నేనే రాసిచ్చిన.

మొదటిసారి రాజన్నకు ఐదు, ప్రేమ్‌రాజ్‌కు నాలుగు. చేతులెత్తేదుంటె ఐదు చాలు, ఆడికే అయిపోతుండె. రెండోసారి మళ్ల ఐదు, నాలుగు. రాజన్న నా దిక్కే చూసిండు, లెక్క తప్పు చేసిన్రా సార్ అన్నట్టు. ఎండ. లోపల ఫ్యాన్ లేదు. కుంపటి పొగకు కండ్లు మండుతున్నయ్. దేవునికి రాజన్న ఇష్టం లేనట్టుంది అన్నడు కమిటీల ఉన్న ఎల్లేష్, నవ్వుకుంట. ఆ మాట అందరిని పట్టుకుంది లీలా. మూడోసారి రాజన్నోళ్లు ముగ్గురు తిరిగిపోయిన్రు. ప్రేమ్‌రాజ్‌కు ఆరు.

ఆ మూడోసారి నేను రాజన్న పేరే రాసిన. ఒట్టు.

మొదటి రెండుసార్లు ప్రేమ్‌రాజ్ పేరు రాసిన. ఎడమ చేతితోని.

గట్ల చూడకు. ప్రేమ్‌రాజ్ గెలవాలని కాదు. రాజన్నకు కొంచెం చెమట పట్టనీ అనుకున్న, గంతే. ప్రతి నెల మొదటి శుక్రవారం గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోయి లిల్లీలు తెస్తడు, నీ మీద పెడ్తడు. నాకంటె ముందే వస్తడు. పదహారేండ్ల సంది ఒక్క నెల తప్పలే. ఎందుకు అని నేను అడగలే. బతికున్నప్పుడు నువ్వు గూడ ఏం చెప్పలే.

ఇప్పుడు అతనే పోయి జేసీబీకి అడ్డం కూసున్నడు. చూడు, దుమ్ముల. నేను కాదు, అతను. లోపలికి వస్తుంటె నా చెయ్యి పట్టుకున్నడు. "ఆ ఆరో ఓటు ఎవడు వెయ్యలేదో ఒక్కసారి తెలిస్తె బాగుండు సార్," అన్నడు. చీటీలు కాలిపోయినయ్ రాజన్నా అన్న.

ఇంజన్ స్టార్టయింది. లేస్తలేడు.

పోయి పక్కన కూసోవాలె నేను. కూసుంటె చెప్పాల్సొస్తది.