మెల్లగా వేసిన తలుపు

మార్కాపురంలో పలకల వ్యాపారి చెన్నకేశవరావు ఇంటి షెడ్డు. శుక్రవారం పొద్దున ఎనిమిది. రెండు తలుపుల పాత ఫారిన్ స్పోర్ట్సు కారు కింద కరెంటు మెకానిక్ మోషే దూరి ఉన్నాడు. పక్కన ఇంటాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కింద ఏముందని దూరినావు మోషే? మోత పైన గదా వచ్చేది."

"వైరు ఎలుక కొరికిందేమో చూస్తాండా అన్నా."

"పోయిన నెల కూడా ఎలుకే అన్నావు. బోను పెట్టించినా. రెండు ఎలుకలు పడినాయి, అలారం మాత్రం ఆగలా."

"అంతకుముందు బ్యాటరీ మార్చినా గదా."

"మార్చినావు. కొత్త బ్యాటరీతో ఇంకా ఇంపుగా కూస్తాంది. వీధి వీధంతా అయిదింటికే లేస్తాండారు. నాకు సన్మానం చేస్తారంట."

"కంపెనీవాళ్ళు బిగించి పంపిన అలారం అన్నా ఇది. ముప్పై అయిదేండ్లయినా ఊరికే కూయదు."

"ఊరికే కూసిందని నేనూ అన్లా. దొంగ ఉండాడు, కూసింది. అందుకే మీ మామను తీసేసినా."

"పిచ్చయ్య మామ పన్నెండేండ్లు నీ గేటు కాడ కాపలా ఉండె. దొంగెట్ల అయినాడు?"

"కాపలాకు ముందు ఏం జేసినాడు? గని లారీ తోలినాడు. వానికి కారొక లెక్కా? సోమవారం మోత విని దిగొచ్చేసరికి షెడ్డు కాడ నిలబడుండాడు. ఏం జేస్తాండావురా అంటే నోరు తెరవలా. తప్పు చేయనోడు నోరెందుకు మూసుకుంటాడు?"

"అంతమాత్రానికే..."

"వాణ్ణి పంపినాక మంగళ, బుధ, గురువారం కుయ్ మనలా. ఇంకేం సాక్ష్యం కావాల?"

"మరి ఈ పొద్దు అయిదింటికి ఎవరొచ్చినారు? మామ జ్వరంతో పండుకోనుండాడు, నేను పక్కనే ఉండా."

"మారుతాళం చేయించి ఎవనికో ఇచ్చింటాడు. పదకొండుకు స్టేషనుకు పోతాండా. కాగితం రాసిపెట్టినా."

"వానలు పడకపోయినా మామ పేరే రాయన్నా, పనైపోతాది."

"వెటకారమొద్దు. పని చూడు."

"చూస్తా గాని, నువ్వు రోజూ తాళమెట్ల వేస్తావో వేసి చూపించు."

"ఇదో. తలుపు ధడేల్మని వేసినా. తాళం తిప్పినా. కూసిందా? కూయదు. నేనంటే దానికి మర్యాద."

"తియ్యి. ఇప్పుడు నేను వేస్తా, మెల్లగా, చేత్తో ఒత్తి. తాళం తిప్పినా. నూరు లెక్కపెట్టు."

"ఎందుకు లెక్కపెట్టేది? నువ్వేమన్నా... ఏందిది, కూస్తాంది, ఆపు, ఆపు మోషే."

"ఆపినా. దొరికిందన్నా రోగం. తలుపు రబ్బరు గట్టిపడింది. గట్టిగా వేస్తేనే లోపలి స్విచ్చి ఒత్తుకుంటాది. మెల్లగా వేస్తే తాళం పడతాది గాని స్విచ్చి ఒత్తుకోదు. తలుపు తెరిచుందనుకోని కాసేపటికి కూస్తాది."

"అంటే వచ్చినోడు మెల్లగా వేసి పోయినాడు."

"నిన్ను లేపకూడదని వేసినారు, ఊరంతా లేచింది. తాళం కూడా వేసి పోయినారు. నీ తాళంచెవి యాడుంటాది?"

"నా దిండు కింద."

"అక్కడికి పిచ్చయ్య మామ ఎట్ల వస్తాడు? వచ్చి నీకు దుప్పటి కప్పి పోతాడా?"

"మారుతాళమని చెప్పినా గదా."

"సరే, మారుతాళమే. సీటు ఇంత ముందుకు జరిపింది ఎవరు? నీకైతే మోకాళ్ళు స్టీరింగుకు తగల్తాయే."

"నేను జరపలా."

"క్లచ్చి మీద పసుపేంది?"

"పూజ చేయించినా గదా, ఆ పసుపే."

"పూజయ్యి ఏడాదయింది. ఇది కొత్తగా అంటుకుంది. కాలి వేళ్ళు కూడా పడినాయి, చూడు. శుక్రవారమని మామ కాళ్ళకు పసుపు పూసుకుంటాడా?"

"ఏం మాట్లాడతాండావు నువ్వు?"

"వదిన కనిగిరి ఎప్పుడు పోయింది?"

"సోమవారం, చెల్లెలింటికి. ఆమె బస్సెక్కినాకనే పిచ్చయ్యను తీసేసినా. ఉంటే అడ్డం పడేది."

"వచ్చిందెప్పుడు?"

"నిన్న సాయంత్రం. దానికీ దీనికీ ఏం సంబంధం? ఆమెకు కారంటేనే భయం. నేనే ముట్టుకోనీను. ఆడవాళ్ళ చెయ్యి పడితే గేర్లు..."

"ఏమైతాయి గేర్లు?"

"ఏమో అయితాయి. ఊరుకో, కాఫీ తెస్తాంది. తులసీ, ఇక్కడంతా నూనె, నువ్వు లోపలికి పో."

"పోతాలే. కాఫీ తీసుకో మోషే. పిచ్చయ్యన్న గేటు కాడ లేడేంది? పొద్దున అరగంట చూసినా, రాలేదు."

"మామను తీసేసినాడు వదినా, కారు దొంగని. పదకొండుకు పోలీసులకు కూడా చెప్తాడంట."

"దొంగా? ఏమయ్యా, ఆ అన్నను దొంగన్నావా నువ్వు?"

"అడిగినా తులసీ. వాడు నోరు తెరవకపోతే నేనేమనుకోవాల?"

"ఎట్ల తెరుస్తాడు? నాకు కారు నేర్పేది ఆయనే, ఈ పొద్దు రాకుంటే ఒక్కదాన్నే కార్లో కూర్చున్నా. ఈయనకు చెప్పొద్దన్నా అని ఒట్టు వేయించుకుంది నేను. పని పోయినా నా మాట పోనీలేదు ఆ మనిషి. సిగ్గుతో చచ్చిపోతాండా నేను."

"నువ్వు... కారు... నాతో ఒక్క మాట చెప్పొచ్చు గదా."

"కారు నేర్పమని రెండేండ్లు అడిగినా, విన్నావా? ఆ కాగితం చించి చొక్కా తొడుక్కో. పదకొండుకు పోయేది స్టేషనుకు కాదు, పిచ్చయ్యన్న ఇంటికి. నువ్వే పిలుచుకోని రావాల, ఆయనకింకా నాకు రివర్సు నేర్పే పనుంది. తాళంచెవి ఇట్లియ్యి. రేపటి నుంచి తలుపు గట్టిగానే వేస్తా."