బిస్కట్ ఎడమ రెక్క

టాస్మేనియాలో హువాన్ నది ఒడ్డున, లిండ్సే ఇంటి వెనక వరండా. శుక్రవారం సాయంత్రం. అతని అక్క మెర్ల్ ఒళ్లో తువ్వాలు పరుచుకుంది. దాని మీద ఏడు వారాల బాతుపిల్ల, బిస్కట్.

"మెడ కాదురా, ఒళ్లు పట్టుకో. ఆఁ, అలా. ఎడమ రెక్క చూడు, వెయ్యడం మర్చిపోయిన కారు డోరులా బయటికే ఉంది. కట్టు ఏదీ?"

"ఇప్పుడే విప్పానక్కా. మార్చడానికి."

"నేనొస్తున్నానని తెలీకుండానే?"

"తెలిస్తే ఏముంది, తెలియకపోతే ఏముంది. కాస్త తగ్గినట్టు లేదూ?"

"ఎక్కడ తగ్గింది? మూడు వారాల కిందట చూసినదానికంటే ముదిరింది. నీకూ నీ కూతురికీ దగ్గర కూచోబెట్టుకుని చూపించానా లేదా? రెక్క మామూలుగా మడవాలి, ఊపిరాడేలా పట్టీ చుట్టాలి, మూడు రోజులకోసారి విప్పి చూసి మళ్లీ కట్టాలి."

"చూపించావు."

"కట్టావా?"

"కట్టాను. ఎన్నిసార్లు అడుగుతావు?"

"పట్టీ కింద ఉన్న ఈకలు అణిగిపోయి ఉండాలి. ఇవి పొద్దున దువ్వినట్టున్నాయి. సరే, తిండేం పెడుతున్నావు?"

"నువ్వు చెప్పిందే. గడ్డి, ఆకుకూర, బఠాణీలు."

"రొట్టె?"

"రొట్టె... అది మొదట్లో టెస్ పెట్టింది. చిన్నపిల్ల, ముద్దొచ్చి పెట్టింది."

"శనివారం పొద్దున వచ్చి ఆదివారం మధ్యాహ్నానికి హోబర్ట్‌లో వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయే పిల్ల. మిగతా రోజుల్లో ఎవరు పెట్టారు?"

"అక్కా, టీ పెట్టనా?"

"టీ వద్దు."

"నేనే. పొద్దున టోస్టు తింటుంటే వచ్చి కాళ్ల దగ్గర నిలబడేది. ఒక్కణ్ణే తినబుద్ధి కాక అంచులు తుంచి వేసేవాణ్ణి. రెక్క పాడవుతుందని నాకేం తెలుసు?"

"తెలియక పెట్టావు, దానికి నేనేమీ అనను. పదేళ్ల పిల్ల మీదికి తోశావే, అది మాత్రం తెలిసే చేశావు."

"తప్పే."

"విను. ఆ రొట్టె తిని తిని ఈకలు తొందరగా బరువెక్కాయి, లేత కీలు మొయ్యలేక మెలిపడింది. ఇంకో వారం, మహా అయితే పది రోజులు. తర్వాత కీలు గట్టిపడిపోతే నేనే కాదు, పశువుల డాక్టరూ ఏం చెయ్యలేడు. ఇది మస్కవీ బాతురా, చక్కగా ఎగరాల్సింది. బతికినన్నాళ్లూ రెక్క ఈడ్చుకుంటూ నేల మీద తిరుగుతుంది. నీకు సమ్మతమేనా?"

"కాదు."

"అయితే నిజం చెప్పు. కట్టావా?"

"ప్రతిసారీ కట్టాను."

"మరి?"

"కట్టి... విప్పేశాను."

"ఎందుకు? గోల పెట్టిందా?"

"లేదు. నోరు మెదపలేదు పాపం. నా వైపు చూస్తూ కూచునేది. నేనే ముఖం తిప్పుకునేవాణ్ణి."

"మరెందుకురా?"

"విడిపోయేటప్పుడు కెరిన్‌తో ఒప్పందం ఏమిటి? పిల్ల రెండు వారాలకోసారి ఇక్కడికి. దీనికి బాలేదని టెస్ ఏడిస్తే, సరే, బాగయ్యేదాకా ప్రతివారం పంపుతానంది. బాగయ్యేదాకా."

"ఓరి లిండ్సే."

"రోజూ ఫోను కూడా చేస్తుందక్కా. 'నాన్నా, రెక్క ఎలా ఉంది' అంటుంది. ఇంతకుముందు 'ఊఁ, బానే ఉన్నా' తప్ప ఇంకో మాట ఉండేది కాదు."

"దానికోసం ఈ నోరులేనిదాన్ని అవిటిదాన్ని చేస్తావా?"

"తిట్టు. మూడు వారాలుగా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నా. అయినా చెయ్యి ఆగలేదు."

"తిట్టి ఏం లాభం. ఆ నీలం పట్టీ ఇలా ఇవ్వు. నేనే కడతా, సోమవారం నేనే వచ్చి విప్పుతా. నువ్వు దీని జోలికి రాకు. అదిగో, ఫోను."

"టెస్సే."

"స్పీకర్లో పెట్టు. జరిగింది చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"హలో, టెస్?"

"నాన్నా, బిస్కట్ రెక్క ఎలా ఉంది?"

"అలాగే ఉందమ్మా. అత్త వచ్చింది, కట్టు కడుతోంది. టెస్, నీకొకటి చెప్పాలి. అది బాగవకపోవడానికి కారణం నేనే."

"రొట్టె వల్లేగా? నువ్వు పెడతావని నాకు తెలుసు."

"రొట్టె ఒక్కటే కాదు. ఆదివారం నువ్వు కారెక్కగానే కట్టు విప్పేసేవాణ్ణి. శనివారం నువ్వొచ్చే ముందు మళ్లీ కట్టేవాణ్ణి, నీకు తెలియకుండా."

"ఎందుకు?"

"బాగైతే నువ్వు ప్రతివారం రావని. చెప్పుకోడానికే సిగ్గుగా ఉంది తల్లీ. కోపమొచ్చిందా?"





"నాన్నా, అత్తని అడుగు. వారానికి రెండు రోజులైనా కట్టు ఉంటే కొంచెమైనా బాగయ్యేదా?"

"ఉందిగా అమ్మా. నువ్వున్న రెండు రోజులూ కట్టు ఉంది."

"లేదు నాన్నా. నువ్వు వంటింట్లో పాన్‌కేకులు వేస్తుంటే నేను విప్పేసేదాన్ని. మళ్లీ ఆదివారం అమ్మ కారు హారన్ వినబడ్డాకే కట్టేదాన్ని."