వంగకూడదు, విరగకూడదు

బొమ్మనహళ్ళిలో అన్న నడిపే హ్యాంగర్ల యూనిట్లో మిషను మళ్ళీ ఆగింది. మొక్కజొన్న నుంచి తీసిన, మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్కుకి కంటికానని సన్నటి మట్టిపొడి కలిపే పాళ్ళు కనిపెట్టింది చెల్లెలే. విరిగిన ముక్కలు చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదీ పుటుక్కుమనింది. నీ మట్టి ఎక్కువైంది పాపా."

"తగ్గిస్తే కోటు తగిలించగానే వంగిపోయిందని తిట్టింది నువ్వే కదన్నా!"

"వంగకూడదు, విరగకూడదు. గార్మెంట్స్ వాళ్ళు అడిగేది అదే. సాయంత్రం శాంపిల్ చూపకుంటే మామూలు ప్లాస్టిక్కే చాలంటారు."

"ల్యాబులో ఇవే పాళ్ళతో చేసింది నేలకేసి కొట్టినా విరగలేదు. ఇక్కడే ఎందుకిట్లా? ప్లాస్టిక్కు గుళికలు ఆరబెట్టినావా?"

"తేమ తగిలితే పెళుసైపోతాదని నువ్వు చెప్పినప్పట్నుంచీ ఓవెన్లో ఆరబెట్టే పోస్తా ఉండాను."

ఆమె మిషను మీది మూత ఎత్తి, లోపల చెయ్యి పెట్టింది.

"మరి ఈ తడేందన్నా?"

"అది తడి కాదు పాపా. కొత్త బ్యాచికి టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు రెండు చుక్కలు చల్లినా. నాయన కాలం నుంచీ చేసేదే కదా."

"నాయన పోసిన ప్లాస్టిక్కుకి నీళ్ళంటే లెక్కలేదు. ఇది కరిగేటప్పుడు తేమ ఉంటే లోపల్లోపలే తెగిపోతాది! నెలంతా నా మట్టిని తిడితివే! రెండు చుక్కలేనా?"

అన్న తల వంచుకున్నాడు.

"మొదట్లో రెండే. విరిగేకొద్దీ దేవునికి చాల్లేదేమోనని, కాయలు పెంచుకుంటా వచ్చినా."