ఒక రెక్క పెద్దది

స్ఫటికంలోంచి చెదిరి వచ్చిన న్యూట్రాన్లు తెరమీద గీసిన మచ్చ సీతాకోకచిలుకలా ఉంది. ఒక రెక్క పెద్దది. పరిశోధక విద్యార్థిని దానిమీదే వ్యాసం రాసేసింది, రేపు పంపాలి. యంత్రం చూసుకునే పెద్దాయన కళ్లద్దాలు సవరించుకున్నాడు.

“వోల్టేజీ ఇవ్వకుండానే ఒక రెక్క ఇలా పెరిగింది సార్. ఇంతవరకూ ఎవరూ చూడలేదు.”

“బావుందమ్మా. స్ఫటికం ఎవరిది?”

“మా ల్యాబులో సీనియర్ అక్కది. పోయినేడు వోల్టేజీ ఇచ్చి కొలిచింది.”

“మరి నువ్వు ముందు బాగా వేడిచేశావా?”

ఆమె తన నోట్‌బుక్ తిరగేసింది.

“నేరుగా చల్లబరిచాను.”

“ఈ రిలాక్సర్ జాతి స్ఫటికం మహా మొండిది తల్లీ. వోల్టేజీ తీసేసినా, బాగా కాగేదాకా ఆ గుర్తు వదలదు.”

“అంటే ఈ రెక్క అక్క చలవేనా?”

“ఏమో. నీకింకా ఆరు గంటల న్యూట్రాన్ బీమ్ ఉంది, వేడిచేసి మళ్లీ కొలవొచ్చు. వద్దనుకుంటే ఇదే పంపుకో, నేను నోరెత్తను.”

“వేడిచేస్తే రెక్క పోతుందేమో.”

“వ్యాసమూ పోతుంది.”

ఆమె వ్యాసం ఫైలు మూసేసింది.

“హీటర్ వెయ్యండి సార్.”

సాయంత్రానికి రెండు రెక్కలూ సమానమయ్యాయి.

“ఏడుస్తావా, టీ తాగుతావా?”

“ఏడాదైనా ఈ స్ఫటికం ఆ వోల్టేజీని మర్చిపోలేదు కదా సార్. ఎంతకాలం గుర్తుంటుందో ఎవరైనా కొలిచారా?”

పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“ముందు మీ అక్కకి ఫోన్ చేసి, ఏ తేదీన కొలిచిందో కనుక్కో.”