పక్కన ఉరికేటోడు

మిర్యాలగూడ. ఆదివారం, ఇంకా తెల్లవారలేదు. రైసు మిల్లు నడిపే ఉదయ్ పరుగు బూట్లు వేసుకొని బయటికి వచ్చేసరికి, భార్య రూప గేటుకు తాళం వేసి నిలబడి ఉంది.

“తాళం తియ్యి రూపా.”

“తియ్యను.”

“ఎండెక్కితే ఉరకలేను. తియ్యి జర.”

“సూర్యాపేట డాక్టరు గారు ఫోన్ చేశారని రాత్రే చెప్పాను. మీరు దుప్పటి ముసుగేసుకొని పడుకున్నారు. గుండె గోడ మందమైందట. ఇలాంటి గుండెతో గట్టిగా పరిగెత్తితే ఉన్నచోటే పడిపోతారట. ఇంకా ఏం వినాలి మీరు?”

“డాక్టర్లు గట్లనే భయపెడ్తరు.”

“మీరు ఫోన్ ఎత్తడం లేదనే నాకు చేశారు. ఎందుకెత్తడం లేదు?”

“వడ్ల సీజను. మిల్లుల సప్పుడు, లారీలు... వినపడలే.”

“మామయ్యగారూ అంతే. ఏం లేదు, ఏం లేదు అంటూనే కాటా ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు.”

“బాపు ముచ్చట తియ్యకు.”

“తీస్తాను. మీకు నలభై నిండలేదు. మన పూజకి ఆరేళ్ళు.”

“నేనేమన్న దినాం ఉరుకుతున్ననా? హైదరాబాదోళ్ళు వారానికి నూరు కిలోమీటర్లు ఉరుకుతరు. నాది యాభై గూడ గాదు. మూడంటే మూడు రోజులు.”

“ఆ మూడు రోజులు ఎలా పరిగెత్తుతున్నారో నాకు తెలియదా? తక్కువ ఉరుకు, ఉరికిననాడు పానం పెట్టి ఉరుకు. ఇదేగా మహేశ్వరన్న వేసిన ప్లాను? గ్రౌండు నుంచి వచ్చి బాత్రూంలో గోడ పట్టుకొని కక్కుకుంటారు. నల్లా తిప్పితే నాకు వినపడదనుకున్నారా?”

“టైము లేనోడు గట్లనే ఉరకాలె. మిల్లు ఇడిసిపెట్టి పొద్దంత ఉరకమంటవా?”

“అసలు ఉరకొద్దంటున్నాను.”

“ఈసారి మారథాన్ మూడుంబావు గంటలల్ల ఖతం చెయ్యాలె రూపా. పోయినేడు సగం దూరం నడుసుకుంటనే వచ్చిన. మిల్లర్ల మీటింగుల ఇప్పటికీ నవ్వుతరు. ఇంక మూడు వారాలే ఉంది. ఇయ్యాల్టిదే పెద్ద ఉరుకు. ఆఖరు పది కిలోమీటర్లు రేసు స్పీడుతోని ఉరకాలె. ఇది తప్పితే ఇన్ని నెలల కష్టం నీళ్ళపాలే.”

“నవ్వితే నవ్వనీండి. నవ్వేవాళ్ళు రేపు నా ఇల్లు చూస్తారా?”

“గట్ల మాట్లాడకు.”

“మహేశ్వరన్నకి చెప్పారా? స్కూల్లో ఆటల సారు కదా, తెలిస్తే ఆయనే మిమ్మల్ని ఆపేవాడు.”

“చెప్పలే.”

“నేను చెప్తాను. ఫోన్ ఇటివ్వండి.”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“వద్దంటే వద్దు.”

“అయితే వినండి. ఈ గేటు దాటారంటే, పూజని తీసుకొని కోదాడ మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. మీరు పడిపోయారన్న మాట ఈ ఇంట్లో కూర్చొని వినలేను నేను.”

“ఏడ్వకు. రూపా, ఏడ్వకు. పూజ లేస్తది.”

“లేవనీండి. నాన్నని కళ్ళారా చూసుకోనీండి.”

“అరే, నాకేం గాలేదే! నా గుండె గాదది.”

“ఏంటి?”

“ఆ పరీక్షకు నేను పోలే.”

“సూర్యాపేట వెళ్ళొచ్చారు కదా!”

“పోయిన. కింద కార్ల కూసున్న. గుండె పరీక్ష చేయించి డాక్టర్ సంతకం పెట్టిస్తేనే రేసుకు నంబర్ ఇస్తమన్నరు. బాపుకున్నదే నాకుంటే? సంతకం పెట్టకపోతే? భయమైంది. మహేశ్ ఎంబడే ఉన్నడు. నా పేరు మీద నువ్వు పోరా అన్న. గొర్ల ఎంబడి ఉరికి పెరిగినోడు, వానికేముంటది అనుకున్న. నవ్వుకుంట పోయిండు.”

“అంటే ఆ గుండె మీది కాదు.”

“కాదు.”

“ఒట్టు?”

“పూజ మీద ఒట్టు.”

“అమ్మా... నా తల్లీ! రాత్రంతా కన్ను మూయలేదండీ. మీ ఊపిరి వింటూ కూర్చున్నాను. ముందే చెప్పి చావచ్చు కదా! ఇదిగో, మీ తాళంచెవి.”

“కూసో. జర నీళ్ళు తాగు.”

“ఉండండి. అయితే... అది మహేశ్వరన్న గుండె.”

“ఊఁ.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“కాల్వ కట్ట మీద.”

“మీకోసం చూస్తున్నాడా?”

“లేదు. వాళ్ళ ఊర్ల నుంచి చీకట్లనే ఉరుకుడు మొదలుపెట్టి ఉంటడు. వంతెన కాడ నన్ను కలుపుకుంటనన్నడు. పక్కన వాని అడుగుల సప్పుడుంటేనే నాకు స్పీడొస్తది. నాకు లేటయితే ఆగకు, స్పీడు తగ్గియ్యకు అని చెప్పిన.”

“ఫోన్ చేయండి!”

“ఉరికేటప్పుడు ఫోన్ ఇంట్ల పెడ్తడు.”

“వాళ్ళావిడ కల్పనకి చేయండి. బండి మీద ఎవరినైనా కట్ట మీదికి తోలమనండి. నేను కారు తీస్తాను. ఏంటలా నిలబడ్డారు? చేయండీ!”

“కల్పనకు ఏమని చెప్పాలె?”

“ఉన్నదే చెప్పండి. మాకూ రాత్రే తెలిసిందని చెప్పండి.”

“నీకు రాత్రి తెలిసింది. నాకు బేస్తారమే చెప్పిండు డాక్టరు. గప్పటిసందే ఆయన ఫోన్ ఎత్తుడు బంద్ చేసిన.”

“బేస్తవారమా? మరి శుక్రవారం ఆయన్ని గ్రౌండుకి ఎందుకు తీసుకెళ్ళారు?”

“మధ్యల రొమ్ము పట్టుకొని కూసున్నడు రూపా. గ్యాస్ అయ్యుంటది లేరా, ఇంకొక్క రౌండ్ కొట్టు అన్నది నేనే.”