కడిగిన సీసాలు

ఆదివారం సాయంత్రం. ఢిల్లీ ఆర్.కె.పురం ప్రభుత్వ క్వార్టర్లో ఉష వంటింటి గట్టు మీద అయిదు గాజు సీసాలు వరసగా పెట్టి ఓట్స్ కొలుస్తోంది. తమ్ముడు రఘునందన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మళ్లీ అయిదా అక్కా? పోయిన వారం రుచే ఇంకా నోట్లో ఉంది."

"నోట్లోకి వెళ్లాయా అసలు?"

"అదేం మాట?"

"మా ఇంటికొచ్చిన రోజు ఎనభై నాలుగు కిలోలున్నావు. నెల తిరిగేసరికి ఎనభై ఆరు. పొద్దున్నే ఆఫీసు చార్టర్డ్ బస్సుకి పరిగెత్తాలని అయిదు రోజుల టిఫినూ ముందే కలిపి ఫ్రిజ్జులో పెడుతున్నా. ఓట్స్, పాలు, గుడ్డలో వేలాడగట్టిన పెరుగు, వేయించిన శనగల సత్తుపిండి, చియా గింజలు. సీసాకి పాతిక గ్రాముల ప్రొటీను. మధ్యాహ్నందాకా ఆకలే వెయ్యదన్నారు, మరి?"

"నా ఒళ్లే అంతక్కా. గాలి పీల్చినా బరువే."

"గాలి పీల్చావా, నూనెలో తేలే ఛోలే భటూరే పీల్చావా?"

"అబ్బే."

"సరే, ఒకటడుగుతా. ఖాళీ సీసాలు ఎవరు కడుగుతున్నారు?"

"నేనే. ఏం?"

"నీ జన్మలో తిన్న కంచం తీశావురా? అమ్మ తీసింది, నేను తీశాను, పెళ్లయ్యాక మీ ఆవిడ తీస్తోంది. ఈ సీసాలు మాత్రం తళతళా తోమేసి, మూతలు విడిగా బోర్లించి..."

"నువ్వు అలిసిపోయి వస్తావని..."

"గేటు దగ్గర గార్డు భయ్యా చెప్పాడులే. 'దీదీ, నాస్తా బహుత్ బఢియా' అట, టిఫిను అదిరిందట. అతని చొక్కాకి గుండీలు పట్టట్లేదు."

"ఒకటో రెండో ఇచ్చుంటాను."

"ఒకటా, రెండా?"

"ఏమో. లెక్క లేదు."

"గురువారం హాస్పిటల్లో నీ బరువు చూస్తారు. డెబ్బై ఎనిమిదికి దిగి, లివర్లో కొవ్వు కరిగితేనే నీ ముక్క కోసి అన్నయ్యకి పెడతారు. లేకపోతే నువ్వు పనికిరావు. అక్కడ అన్నయ్య కళ్లు పసుపు ముద్దలయ్యాయి. వారానికోసారి పొట్టలోంచి నీళ్లు తీస్తున్నారు. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసేనా?"

"తెలుసన్నాను కదా."

"మరెందుకురా? రుచి లేకపోతే చెప్పు, ఖర్జూరం వేస్తా. చల్లగా దిగకపోతే కాస్త ముందు తీసి బయట పెట్టుకో..."

"రుచి కాదక్కా."

"మరేంటి?"

"తగ్గితే కోస్తారు కదా."

"ఏంటీ?"

"ఇక్కణ్ణించి ఇక్కడిదాకా. ఆ డాక్టరు పెన్ను మూతతో నా పొట్ట మీద గీసి చూపించాడు. ఆ రోజునించీ తింటూనే ఉన్నాను. ఆకలేసి కాదు. బరువు తగ్గకపోతే వాళ్లే వద్దంటారు. నేను కాదన్నట్టు ఉండదు."

"అందరి ముందూ నువ్వేగా అన్నావు. వదిన ఏడుస్తుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని, 'నేనుండగా ఆడపిల్లని కోయిస్తామా' అని. నన్ను టెస్టు దాకా కూడా వెళ్లనివ్వలేదు."

"అంతమందిలో నోరు ముందు లేచింది. ధైర్యం ఇప్పటిదాకా లేవలేదు."

"ఈ మాట నెల ముందు చెప్పుంటే?"

"ఎలా చెప్పనక్కా? ఏ మొహం పెట్టుకుని? తిట్టు. పోనీ కొట్టు."

"తిట్టే ఓపిక కూడా లేదు. ఆ సత్తు డబ్బా ఇటియ్యి."

"ఇంకా ఎందుకు కలుపుతావు? తింటాను, అమ్మ తోడు. కానీ నాలుగు రోజుల్లో ఎనిమిది కిలోలు..."

"నీకెవరు కలుపుతున్నారు? మంగళవారం నేను ఆఫీసుకి వెళ్లలేదు, హాస్పిటల్‌కి వెళ్లాను. అన్నయ్యకి నా రక్తం కలిసింది, లివర్ స్కాన్ బాగుంది. ఒంట్లో కాస్త బలం పెంచుకుని రమ్మన్నారు. ఈ అయిదూ నావి. ఆ మూతలు అందుకో."