పాత డిస్క్ చప్పుడు

కిటికీ పక్క బల్లమీద కంప్యూటరు మూత విప్పి, మనవరాలు పాత హార్డ్ డిస్క్ తీసి కొత్తది పెట్టింది. అమ్మమ్మ ఆమె చేతులనే చూస్తూ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది.

"తాతయ్య ఫొటోలు, రాతలు అన్నీ కొత్తదాంట్లోకి వచ్చేశాయి. ఇదిగో, ఆన్ చేశాను."

"ఎక్కడ చేశావే? చప్పుడేదీ?"

"కొత్తవి చప్పుడు చెయ్యవు అమ్మమ్మా. లోపల తిరిగేదేమీ ఉండదు."

"మీ తాతయ్య దీని ముందు కూర్చుంటే గుర్రుమనేది. పలకరిస్తే విసుక్కునేవారు. అందుకని వంటింట్లోంచి ఆ చప్పుడు విని, మనిషి ఉన్నారులే అనుకునేదాన్ని. ఇప్పుడూ రోజూ అందుకేగా ఆన్ చేసేది!"

"పేకాట ఆడుకోవడానికని అమ్మ చెప్పింది."

"మీ అమ్మ అలాగే చెబుతుంది. పాతదే పెట్టెయ్యవే."

"అది ఇవాళో రేపో పోయేలా ఉంది. సరే, కొత్తదాని పక్కనే దాన్నీ తగిలిస్తాను. పనేమీ ఉండదు, ఊరికే తిరుగుతుంది."

మూత బిగించి మళ్ళీ ఆన్ చేశాక పెట్టెలోంచి సన్నగా గుర్రు మొదలైంది.

"ఎన్నాళ్ళు తిరుగుతుందే?"

"చెప్పలేను. అందులో ఇంక పోయేదేమీ లేదుగా, ఆగినా భయం లేదు."

"ఆగిన రోజు మాత్రం నువ్వు రావాలి. ఆ రోజు ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేను."